మిద్దె మీద దుర్భిణి

దక్షిణ భారతదేశంలో దుర్భిణి వల్ల బయటపడిన తొలి పెద్ద ఖగోళ విశేషం 1689 డిసెంబరు నాటిది. పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి జెసూట్ ఫాదర్ రిషో ఒక తోకచుక్కను గమనిస్తూ, ఆల్ఫా సెంటారీ ఒక నక్షత్రం కాదని, దగ్గర దగ్గరగా ఉన్న రెండు నక్షత్రాలని కనిపెట్టాడు. ఐరోపా ఖండంలో ఎక్కడి నుంచి చూసినా ఆ నక్షత్రం దిగంతం పైకే రాదు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్లలో మాత్రం వేసవి రాత్రుల్లో దక్షిణాన సుమారు 14 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. రిషో చూసిన జంటను ఇవాళ బజారులో దొరికే డెబ్బై మిల్లీమీటర్ల టెలిస్కోపు కూడా విడదీసి చూపిస్తుంది.

ఈ సీమలో దుర్భిణితో ఆకాశం చూసే పని ప్రభుత్వ శాఖలతో మొదలు కాలేదు. సొంత ఇంట్లో సొంత డబ్బుతో పరికరం పెట్టుకున్న మనుషులతో మొదలైంది. మద్రాసు వేధశాలకైనా, హైదరాబాదు నిజామియా వేధశాలకైనా మూలం ఒక ఇంటి దుర్భిణే. ఆ ఇళ్ళవాళ్ళు ఏ పరిమాణం కొన్నారు, దేని మీద నిలబెట్టారు, దానితో ఏం చేశారు అన్నది చూస్తే, ఇవాళ కొలిమిగుండ్లలో ఒక కుటుంబం తొలి టెలిస్కోపు కొనేటప్పుడు ఎదురయ్యే ప్రశ్నలకు చాలావరకు జవాబులు అక్కడే దొరుకుతాయి.

మద్రాసులో 1786లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ ఎగ్మోరులోని తన నివాసంలో ఒక చిన్న వేధశాల ఏర్పాటు చేసుకున్నాడు. అందులో మూడంగుళాల దుర్భిణులు రెండు, ఖగోళ గడియారాలు రెండు, నక్షత్రం నడినెత్తి గీతను దాటే క్షణాన్ని పట్టుకునే ట్రాన్సిట్ పరికరం ఒకటి ఉండేవి. దుర్భిణులు ఎన్నో గడియారాలూ అన్నే. ఓడ నడిపేవాడికి, పటం గీసేవాడికి కావలసింది నక్షత్రం అందం కాదు, అది ఏ క్షణాన ఎక్కడ ఉందన్న లెక్క. పెట్రీ తర్వాత ఆ పరికరాలను కంపెనీకి అప్పగించాడు. 1792లో నుంగంబాకంలో మైకేల్ టాపింగ్ ఆధ్వర్యంలో మద్రాసు వేధశాల లేచింది. పరికరం కదలకుండా ఉండడానికి అక్కడ నిలిపిన గ్రానైటు స్తంభం మీద లాటిను, తమిళ శాసనాలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. ఒక చిన్న పరికరానికి అంత బరువైన రాతి స్తంభం ఎందుకన్నది తర్వాత టెలిస్కోపు కొన్న ప్రతి ఇంటికీ మొదటి వారంలోనే అర్థమయ్యే సంగతి. కాళ్ళు వణికితే ఎంత మంచి గాజైనా నక్షత్రాన్ని నిలకడగా చూపించలేదు.

కొలిమిగుండ్ల ఉన్న కోయిలకుంట్ల ప్రాంతం 1800లో నిజాం కంపెనీకి వదిలిపెట్టిన దత్తమండలాల్లోది. 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది, 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఈ దాపుల్లో నక్షత్రాల వైపు తిరిగిన తొలినాటి మేలైన దుర్భిణి సర్వే వాళ్ళది. విలియం లాంబ్టన్ బృందం 78వ రేఖాంశం పక్కగా కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి భూమిని కొలుచుకుంటూ వచ్చి, 1811 ప్రాంతంలో గుత్తి దగ్గరికి చేరింది. సర్వే లెక్కల్లో నమ్తాబాద్ అనే పేరుతో ఉన్న కేంద్రంలో నక్షత్రాలను చూసి దాని అక్షాంశం కట్టారు. 15 డిగ్రీల 6 నిమిషాలకు కాస్త తక్కువ తేలింది. తూర్పున ఉన్న కొలిమిగుండ్లదీ దాదాపు అదే అక్షాంశం. అంటే నమ్తాబాద్‌లో నడినెత్తిన పోయిన నక్షత్రాలే రెండు నిమిషాలు ముందుగా కొలిమిగుండ్ల మిద్దెల మీదుగా పోయాయి.

లాంబ్టన్ వాడిన జెనిత్ సెక్టార్ ఇంగ్లండులో రామ్స్‌డెన్ పనిశాలలో తయారైంది. నిట్టనిలువుగా వేలాడే దుర్భిణికి కింద అయిదడుగుల వ్యాసార్ధపు వంపు కొలబద్ద ఉంటుంది. నడినెత్తికి దగ్గరగా వచ్చే నక్షత్రాలను మాత్రమే అది చూస్తుంది. గాలిపొర అక్కడే పలుచన, వెలుగు వంగడం అక్కడే తక్కువ. ఇంట్లో టెలిస్కోపు వాడేవాళ్ళకూ ఈ సూత్రమే పనికొస్తుంది. గురుగ్రహం తూర్పున చెట్ల మీదుగా పొడిచినప్పుడు ఉడుకుతున్న నీళ్ళలో బిళ్ళలా కదులుతుంది. రెండు మూడు గంటలు ఆగి అది పైకెక్కాక చూస్తే పట్టీలు తేటగా తెలుస్తాయి.

సర్వే గుడారాల్లోని పరికరం ఊళ్ళలోకి రాలేదు. రైతుకు దాని అవసరం కనిపించలేదు కాబోలు. వేగుచుక్క పొడిస్తే కపిల కట్టే వేళ, పిల్లలకోడి ఎక్కడుందో చూస్తే రాత్రి ఎంత గడిచిందో తెలుస్తుంది. సేద్యానికి కార్తెల లెక్క ఉండనే ఉంది. రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటూ సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెప్పే ఆ లెక్క పగటిపూట కనబడని నక్షత్రాల గురించినది. కంటితో చూసి కట్టిన శాస్త్రంలో అది చిన్న విషయం కాదు.

తెలుగువాళ్ళ ఇంటి దుర్భిణి చరిత్ర అసలైన అర్థంలో విశాఖపట్నంలో మొదలవుతుంది. గోడే వెంకట జగ్గారావు (1817–1856) జమీందారీ కుటుంబం వాడు. మద్రాసు వెళ్ళి అక్కడి వేధశాల అధికారి టి.జి. టేలర్ దగ్గర గణితం, ఖగోళం నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి 1840లో డాబా గార్డెన్స్‌లోని తన ఇంటి ఆవరణలో వేధశాల పెట్టాడు. అందులో ప్రధానమైనది 4.8 అంగుళాల దుర్భిణి, నేటి కొలతలో సుమారు 122 మిల్లీమీటర్లు. అంతటి సంపన్నుడు ఇంతకంటే పెద్దది కొనలేక కాకపోవచ్చు. టేలర్ దగ్గర పని నేర్చుకున్నవాడు గనుక ఒక మనిషి రోజూ తెరిచి మూయగలిగినది ఎంతో అతనికి తెలిసే ఉంటుంది. వేధశాల లెక్కగట్టిన సమయాన్ని ఊరికీ ఓడలకూ తెలియజెయ్యడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నిలబెట్టించాడు. ఇంట్లోని దుర్భిణి రేవుకు గడియారం అయింది.

1856లో జగ్గారావు చనిపోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892) దాన్ని చేపట్టాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని మరీ ఈ పనిలో దిగాడు. 1871లో లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఫెలో అయ్యాడు. 1874లో యార్క్ నగరంలోని కుక్ సంస్థ చేసిన ఆరంగుళాల దుర్భిణి తెప్పించి, భూమి తిరిగే అక్షానికి సమాంతరంగా తిరిగే ఈక్వటోరియల్ స్టాండు మీద నిలబెట్టాడు. ఆ ఏడాది డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా పోయినప్పుడు విశాఖలో చేసిన పరిశీలన లండను సొసైటీ పత్రికలో అచ్చయింది. గ్రహణాలు, బుధ సంక్రమణం, తోకచుక్కలు ఒక పక్క, వాన, గాలి, ఎండల రోజువారీ లెక్కలు ఇంకో పక్క నడిచాయి. మామ మొదలుపెట్టినదాన్ని అల్లుడు ముప్పయ్యేళ్ళకు పైగా కొనసాగించడం ఈ కథలో అన్నిటికంటే అరుదైన సంగతి. ఇంటి టెలిస్కోపుల్లో ఎక్కువ భాగం కొన్నవాడి మోజు తీరగానే అటక ఎక్కుతాయి.

జగ్గారావు, నరసింగరావు ఇద్దరూ కటకపు దుర్భిణులనే ఎంచుకోవడానికి కారణం ఉంది. న్యూటన్ 1668లో అద్దంతో దుర్భిణి చేసి చూపించాడు గానీ, ఆ కాలపు అద్దాలు రాగి, తగరం కలిపి పోతపోసి మెరుగుపెట్టినవి. సముద్రపు తేమకు అవి మసకబారతాయి. మళ్ళీ మెరుగు పెట్టడమంటే అద్దం వంపును కొత్తగా దిద్దుకోవడమే. అటువైపు, రెండు రకాల గాజు కలిపి రంగుల అంచును తగ్గించే కటకానికి జాన్ డాలండ్ 1758లోనే పేటెంటు తీసుకున్నాడు. ఖరీదు ఎక్కువైనా కటకం తరాల తరబడి నిలుస్తుంది. 1857లో ఫూకో గాజు అద్దానికి పలుచని వెండి పూత వెయ్యడం మొదలుపెట్టాక, ఆపైన 1930లలో వెండి స్థానంలో అల్యూమినియం పూత వచ్చాక లెక్క తారుమారైంది. ఇవాళ అదే ఖర్చుకు కటకం కంటే ఎంతో వెడల్పైన అద్దం దొరకడానికి మూలం ఆ రెండు మార్పులే.

తెలుగు నేల మీద దుర్భిణి ప్రపంచ చరిత్రకు ఎక్కిన రోజు 1868 ఆగస్టు 18. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చి, ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద పరికరాలు అమర్చుకున్నాడు. బ్రిటిషు బృందంతో టెనెంట్ కూడా గుంటూరులోనే ఉన్నాడు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు వెలుగు వర్ణపటంలో కనిపించిన పసుపు గీత తర్వాతి కాలంలో హీలియం అనే కొత్త మూలకాన్ని గుర్తించడానికి దారితీసింది. సూర్యుడి అంచున లేచే జ్వాలలను గ్రహణం లేకుండానే చూడవచ్చని జాన్సెన్ మర్నాడే గుంటూరు మేడ మీద నిరూపించాడు. మద్రాసు వేధశాల సహాయకుడు చింతామణి రఘునాథాచారి అదే గ్రహణానికి కర్నూలుకు ఉత్తరాన, కృష్ణకు ఆవల ఉన్న వనపర్తిలో బృందానికి నాయకత్వం వహించాడు. అంతకు ముందటేడే ఆయన ఆర్ రెటిక్యులై అనే, వెలుగు మారుతూ ఉండే చంచల నక్షత్రాన్ని కనుగొన్నాడు. 1874 శుక్ర సంక్రమణం గురించి సామాన్యులకు అర్థమయ్యేలా దేశభాషల్లో పుస్తకం వెయ్యడానికి పూనుకున్నదీ ఆయనే.

గ్రహణాన్ని ఊళ్ళలో పళ్ళెంలో పోసిన పసుపు నీళ్ళలోనో, మసి పట్టించిన గాజుముక్కతోనో చూసేవాళ్ళు. పళ్ళెంలో రోకలి నిలబెట్టి గ్రహణం పట్టిందో విడిచిందో తేల్చుకునే అలవాటు రాయలసీమలో ఇంకా ఉంది. రోకలితో కంటికి ప్రమాదం లేదు. మసి గాజుతో, నీటిలోని ప్రతిబింబంతో ఉంది. అవి వెలుగును తగ్గించినట్టు కనిపిస్తాయి గానీ, కంటి తెరను కాల్చే కిరణాలను పూర్తిగా ఆపవు. దుర్భిణితోనైతే ఆ ప్రమాదం ఒక్క క్షణంలో జరిగిపోతుంది.

విశాఖ కథకు ఎదురు కథ హైదరాబాదుది. నవాబు జఫర్ జంగ్ అనే ఉమరావు 1901లో ఇంగ్లండు నుంచి పదిహేనంగుళాల గ్రబ్ దుర్భిణి కొని, ఫిసల్‌బండలో సొంత వేధశాల తలపెట్టాడు. నిజాం పేరు పెట్టుకోవడానికి అనుమతీ తీసుకున్నాడు. 1907లో ఆయన మరణించాక వేధశాల 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటకు మారింది. ఆ పెద్ద దుర్భిణి అక్కడ స్థిరంగా నిలిచేసరికి 1922 వచ్చింది. అప్పటికి నిజామియాకు పేరు తెచ్చిపెట్టింది అంతకంటే చిన్నదైన ఎనిమిదంగుళాల ఫొటో దుర్భిణి. ప్రపంచ దేశాలు పంచుకున్న ఆకాశపు ఛాయాచిత్ర పటంలో హైదరాబాదుకు వాటాగా వచ్చిన పట్టీల్లోని లక్షలాది నక్షత్రాల స్థానాలను దానితో తీసిన ఫొటోల మీద కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. పదిహేనంగుళాల గాజు మోయడానికి ఒక ఇల్లు చాలదు, సంస్థ కావాలి. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దాన్ని కలుపుకుంది.

ఆ వేధశాలలో పనిచేసిన బప్పు కొడుకు వైనూ బప్పు (1927–1982) దుర్భిణుల మధ్యే పెరిగి, నిజాం కాలేజీలో చదివి, విద్యార్థిగా ఉండగానే చంచల నక్షత్రాల మీద వ్యాసాలు రాశాడు. 1949లో హార్వర్డులో ఆయన మరో ఇద్దరితో పాటు కనిపెట్టిన తోకచుక్కకు ముగ్గురి పేర్లూ పెట్టారు. దేశంలోని పెద్ద వేధశాలలను తర్వాత తీర్చిదిద్దింది ఆయనే. ఇంట్లో, ఇంటి దాపున దుర్భిణి ఉన్న పిల్లలందరూ బప్పులు కారు. కానీ నిజామియా లేకపోతే బప్పు ఆ దారి పట్టేవాడా అన్నది సందేహమే.

జమీందారులు, నవాబుల తర్వాత ఇంటి దుర్భిణి సామాన్యుడికి చేరడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో 1920లలో వెర్మాంట్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో రసెల్ పోర్టర్ చుట్టూ చేరిన కార్మికులు గాజుబిళ్ళలను చేత్తో రుద్ది అద్దాలు చేసుకున్నారు. 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ డాబ్సన్ ప్లైవుడ్ పెట్టె మీద తిరిగే గొట్టంతో ఖరీదైన స్టాండు అవసరాన్నే తీసేశాడు. మన దేశంలో 1944లో మొదలైన పుణె జ్యోతిర్విద్యా పరిసంస్థ, తర్వాత అదే ఊళ్ళోని అయుకా అద్దాలు రుద్దే శిక్షణలు నడిపాయి. తెలుగు జిల్లాల్లో ఆ ఊపు రాలేదు. బడికి వచ్చిన దుర్భిణి బీరువాలో ఉండేది, తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర ఉండేది. 1985లో హైదరాబాదులో బిర్లా ప్లానెటేరియం తెరిచారు, 1986లో హేలీ తోకచుక్క వచ్చింది, జనవిజ్ఞాన వేదిక గ్రహణాలప్పుడు ఊరూరా ప్రచారం చేసింది. 1991 తర్వాత దిగుమతులు సులువై, ఆపైన ఇంటి గుమ్మానికే పెట్టె వచ్చే రోజులు వచ్చాక, కొలిమిగుండ్ల వంటి మండల కేంద్రంలోనూ టెలిస్కోపు కొనడం పుస్తకం కొన్నంత సులువయింది. ఎంచుకోవడం అంత సులువు కాలేదు.

కొలిమిగుండ్ల ఆకాశానికి మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ఎర్రమల కొండల మధ్య మెట్ట నేల, వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ. చలికాలం మొదలుకొని వేసవి దాకా వరుసగా తేటరాత్రులు దొరుకుతాయి. 15 డిగ్రీల అక్షాంశం పెద్ద వరం. అగస్త్య నక్షత్రం 22 డిగ్రీల ఎత్తుకు, ఒమెగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం 27 డిగ్రీల ఎత్తుకు వస్తాయి. నరసింగరావు దుర్భిణి తయారైన యార్క్ నగరంలో ఈ రెండూ ఎప్పటికీ ఉదయించవు. ఇక చెడు అంతా రాతి నుంచే. మండలంలోని బెలుం గుహలను తొలిచినది నీరు, నేల పైభాగాన్ని తొలుస్తున్నది మనుషులు. నాపరాయి గనులు, పాలిషింగు యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు దుమ్మునూ రాత్రంతా వెలిగే దీపాలనూ తెచ్చాయి. గుహ చూడడానికి వచ్చే వేలమందిలో చీకటి పడేదాకా ఉండి పైకి చూసేవాళ్ళు తక్కువ. ఫ్యాక్టరీ వెలుగు లేని దిక్కున రెండు మూడు కిలోమీటర్లు పోయి ఏ చేనిగట్టునో నిలబడితే ఇప్పటికీ పాలపుంత కనిపిస్తుంది.

టెలిస్కోపు ఎంపికలో మొదట చూడవలసింది ముందువైపు కటకం గానీ, లోపలి అద్దం గానీ ఎంత వెడల్పన్నది. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు. 70 మిల్లీమీటర్ల కటకం దానికి నూరు రెట్లు, 130 మిల్లీమీటర్ల అద్దం దాదాపు 345 రెట్లు వెలుగు పోగుచేస్తాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది వెడల్పు కాదు, 525 రెట్లు పెద్దగా చూపిస్తుందన్న మాట. ఆ సంఖ్య ఎలా వచ్చిందో తేలిగ్గానే తెలుస్తుంది. గొట్టం నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు, కన్ను పెట్టి చూసే వైపు 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 175 రెట్లు, దానికి మూడు రెట్ల బార్లో కటకం తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు, చూపించేది మాత్రం మబ్బుముద్ద. మిల్లీమీటరు వెడల్పుకు రెండు రెట్లకు మించితే కొత్త వివరం ఏదీ రాదు. 70 మిల్లీమీటర్ల దానికి 140 హద్దు, మామూలు రాత్రుల్లో అదీ ఎక్కువే.

పెట్రీ దుర్భిణి 76 మిల్లీమీటర్లు, జగ్గారావుది 122, నరసింగరావుది 152. ఇవాళ ఇళ్ళకు అమ్మేవి 70, 114, 130, 150. రెండు వందల ఏళ్ళకు పైగా గడిచినా ఒక ఇల్లు మోయగలిగిన పరిమాణం పెద్దగా మారలేదు. ధర మారింది, దానితో పాటు కొనేవాళ్ళు మారారు. బడి పిల్లల చేతికి ఇవ్వడానికి 70 మిల్లీమీటర్ల కటకపు టెలిస్కోపు గట్టిది, సర్దుబాట్లు తక్కువ. చంద్రుడికి, గురు శని గ్రహాలకు చాలు. నెబ్యులాలు, గుచ్ఛాలు కూడా చూడాలనుకునే ఇంటికి 130 లేదా 150 మిల్లీమీటర్ల అద్దమున్న డాబ్సోనియన్ కంటే మెరుగైనది తట్టదు. 150 అంటే నరసింగరావు తెప్పించుకున్నదానికి దాదాపు సమానమైన వెడల్పే. దీనికి అద్దాలను అప్పుడప్పుడు సరిచూసుకునే పని ఉంటుంది. ఆ పని పది నిమిషాల్లో నేర్చుకోవచ్చు. ఏది కొనాలో తేలని వాళ్ళు 10x50 బైనాక్యులర్‌తో ఒక చలికాలం గడపడం మంచిది. డబ్బు వృథా కాదు, టెలిస్కోపు వచ్చాకా అది పనికొస్తూనే ఉంటుంది.

స్టాండు విషయంలో కొలిమిగుండ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఈక్వటోరియల్ స్టాండు అక్షం ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. ఇక్కడ ధ్రువుడు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, తరచూ దుమ్ములో గానీ చెట్ల వెనక గానీ పడిపోతాడు. ఉత్తర దేశాల కోసం చేసిన చవక స్టాండ్లలో కొన్నింటి స్కేలు 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అక్షాన్ని ఇంకా వంచితే ఎదురుబరువు కడ్డీ కాళ్ళకు తగులుతుంది. అందుకే ఈ అక్షాంశంలో పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ మాత్రమే తిరిగే సాదా స్టాండే మేలు. ట్రైపాడ్ తీసుకుంటే గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి చూడాలి. రెండు మూడు సెకన్లలో ఊగడం ఆగకపోతే ఆ స్టాండు మానుకోవడం మంచిది.

వాడేటప్పుడు మొదటి అడ్డంకి మిద్దే. నాపరాతి బండలు పరిచిన మిద్దె పగలంతా ఎండ తాగి అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది. ఆ వేడిగాలి మీదుగా శని వలయాలు ముద్దగా కనిపిస్తాయి. మేడ ఎక్కితే ఆకాశం దగ్గరవుతుందన్న భ్రమ వదులుకుని, మట్టి నేల మీద, కళ్ళంలోనో పెరట్లోనో పెట్టుకోవాలి. మిద్దె తప్పదనుకుంటే తెల్లవారుజామున చూడాలి, బండ అప్పటికి చల్లారి ఉంటుంది. గదిలోంచి తెచ్చిన గొట్టం బయటి గాలి చల్లదనానికి సర్దుకోవడానికి అరగంట ఇవ్వాలి. వేసవిలో ఇంకా ఎక్కువ పడుతుంది.

గొట్టం మీద గురి చూడడానికి ఉండే ఫైండర్‌ను పగలే సరిచేసుకోవాలి. దూరంలోని సెల్‌టవర్ కొననో గుడి గోపురాన్నో ముందు పెద్ద గొట్టంలో నడుమకు తెచ్చి, ఫైండర్ గురుతు కూడా దాని మీదే పడేలా మరలు తిప్పాలి. ఇది చెయ్యకుండా రాత్రి మొదలుపెట్టినవాళ్ళు చంద్రుణ్ణి కూడా పట్టుకోలేక పెట్టె మూసేస్తారు. చూపు మొదలుపెట్టడం ఎప్పుడూ పెద్ద అంకె ఉన్న ఐపీస్‌తోనే. 650 మిల్లీమీటర్ల గొట్టంలో 25 ఐపీస్ 26 రెట్లు చూపుతుంది, ఆకాశంలో ఎక్కువ మేర కనిపిస్తుంది. వస్తువు నడుమకు వచ్చాక 10 ఐపీస్‌కు మారితే 65 రెట్లు. అప్పుడు భూమి తిరగడం వల్ల గ్రహం ఒకటి రెండు నిమిషాల్లోనే అంచుకు జారిపోతుంది, గొట్టాన్ని మెల్లగా నెడుతూ ఉండాలి. బొమ్మ తలకిందులుగా రావడం లోపం కాదు. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఫోను తెర ఒక్కసారి చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పటం చూడడానికి టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే చాలు.

చంద్రుణ్ణి పున్నమినాడు చూడకూడదు. నీడలు ఉండవు గనుక గుంతలు తెలియవు. శుద్ధ పంచమి నుంచి దశమి దాకా వెలుగునీడల సరిహద్దు వెంట చూస్తే కొండల శిఖరాలు చీకట్లోంచి చుక్కలుగా లేస్తాయి. చలికాలంలో ఓరియన్ అనే వేటగాడి కత్తిలోని నెబ్యులా, పిల్లలకోడి, ఆండ్రోమెడా గెలాక్సీ సాయంత్రం నుంచే దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో దక్షిణం వైపు తిప్పితే ఒమెగా సెంటారీ ఉప్పు చల్లినట్టు విడివడడం మొదలవుతుంది. 150 మిల్లీమీటర్ల అద్దానికి అది ఈ ఆకాశంలోని అన్నిటికంటే పెద్ద బహుమతి. రిషో జంట దానికి దిగువనే ఉంటుంది. గురుడి నాలుగు చంద్రులను వరసగా నాలుగు రాత్రులు కాగితం మీద చుక్కలుగా గుర్తు పెట్టుకుంటే 1610లో గెలీలియో చేసిన పనిని ఇంట్లోనే మళ్ళీ చేసినట్టు. తేదీ, వేళ రాసుకోవడం పెట్రీ గడియారాల నాటి అలవాటు. చూసినదానికి విలువ కట్టేది అదే.

సూర్యుడి విషయంలో మినహాయింపు లేదు. ఫిల్టరు గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పాలి, సౌర పరిశీలన కోసమే చేసినదై ఉండాలి. ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల ఫిల్టర్లు వేడికి పగిలిపోతాయి, పాత సెట్లలో వచ్చినవాటిని పారెయ్యాలి. ఎక్స్‌రే ఫిల్ము, మసి గాజు పనికిరావు. ఫిల్టరు లేకపోతే సూర్యుడి వైపు టెలిస్కోపు తిప్పకుండా ఉండడమే దారి. పగటిపూట దాన్ని పిల్లల దగ్గర ఒంటరిగా వదలకూడదు.

ఈ మండలంలో పరికరానికి శత్రువు తేమ కాదు, రాతి దుమ్ము. సున్నపురాయి పొడి గరుకుగా ఉంటుంది, గుడ్డతో తుడిస్తే పూత మీద గీతలు పడతాయి. రబ్బరు బంతితో గాలి ఊది వదిలెయ్యాలి. కొద్దిపాటి దుమ్ము బొమ్మను చెడగొట్టదు, తరచూ తుడవడం చెడగొడుతుంది. మృగశిర కార్తె, అంటే జూన్ 8 ప్రాంతం, వచ్చి మబ్బులు పట్టాక గొట్టం రెండు వైపులా మూతలు పెట్టి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో దాచి, అద్దాన్ని అక్టోబరు దాకా కదపకపోవడం మేలు. ఏళ్ళు గడిచి అద్దం పూత మచ్చలు పడితే కొత్తది కొననక్కర్లేదు. గాజు వంపు చెడదు గనుక అల్యూమినియం పూత మళ్ళీ వేయిస్తే సరిపోతుంది.